ఖాళీగా వదలాల్సిన గడి

మందూబు పనికి కొత్తగా పోయే మనోళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తాంటారు. రాజంపేటలో ఎవర్నడిగినా మా ఇల్లు చూపిస్తారు. వచ్చి కూర్చోని, కాఫీ తాగి, "పెంచలన్నా, ముప్పై ఏండ్లు కువైటులో ఇదే పని చేసినావు, మాకు నాలుగు మంచి మాటలు చెప్పు" అంటారు. నేను ఒకటి మొదలుపెట్టి ఇంకోదాంట్లోకి పోతా. మా ఇంటామె లోపల్నుంచి "మొదలయిందా నీ పురాణం" అంటుంది. అందుకే ఈసారి కాగితం మీద పెడతాండా. రాసేటప్పుడు మధ్యలో ఎవరూ అడ్డం రారు.

జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ ముదీరు, అంటే మేనేజరు, నా భుజం తట్టినాడో రాయను. నిజంగా గుర్తుకూడా లేవు. గుర్తుండేది ఒక మనిషి. వాని సంగతి దాచిపెట్టి ఈ పని గురించి ఏం చెప్పినా సగమే చెప్పినట్టు.

నిలబడే ఉద్యోగం

మందూబు అంటే కంపెనీ తరఫున ఆఫీసులెంబడి తిరిగేటోడు. పనోళ్ల ఇఖామాలు, అంటే ఆ దేశంలో ఉండేదానికి ఇచ్చే కార్డులు, కొత్తవి చేయించాల. వీసా కాగితాలు కదిలించాల. ఇంటికి పోయేటోనికి ఎగ్జిట్ కొట్టించాల. సంచి నిండా ఊరోళ్ల పాస్‌పోర్టులు పెట్టుకోని కిటికీ ముందర నిలబడాల. కూర్చునే అలవాటుంటే ఈ పనికి రావద్దు.

నాకు పని నేర్పించింది అబూ నాదిర్ అనే పెద్ద మందూబు. పాలస్తీనా మనిషి. పొద్దున్నే బూట్లు అద్దంలా తుడుచుకోని వచ్చేటోడు. మా రవాణా కంపెనీ ఆఫీసు సబ్హాన్‌లో, చుట్టూ అన్నీ వర్క్‌షాపులే, నేలంతా గ్రీసు. ఆ గ్రీసులో కూడా ఆయన బూట్లకు మరక అంటేది కాదు. నేను కడప జిల్లా నుంచి ఆఫీసులో చాయ్ అందించేదానికి పోయినోణ్ణి. అరబ్బీ టైపు నేర్పించి, సంచి చేతికిచ్చి, కిటికీల దగ్గరికి తీసుకపోయింది ఆయనే. ఆ రుణం ఈ జన్మకు తీరదు.

ఆయన చెప్పిన మాటలు రెండు. మొదటిది, కాగితంలో రాసింది ఎవరూ చదవరు. సీలు చూస్తారు, తెచ్చినోని మొగం చూస్తారు. రెండోది, పని ఎట్లయిందో పార్టీకి, అంటే పని చేయించుకునేటోనికి, చెప్పొద్దు. అయిందని చెప్పు, కాగితం చేతిలో పెట్టు, నవ్వు. ఎట్లయిందో చెప్తే నీ విలువ పోతుంది.

మొదటి మాట ఇప్పటికీ నిజమే. రెండో మాట నేను నమ్మినా, చాన్నాళ్లు నమ్మినా. ఆ నమ్మకమే నా కొంప ముంచింది. నా కొంప అనకూడదులే. మునిగింది వేరేవాని కొంప.

ఓబులేసు

ఓబులేసుది మా ఊరికి మూడు పల్లెల అవతల, చిట్వేలు దిక్కు. సులైబియాలో ఒక తోటలో పని. కీరకాయలు, టమాటాలు. ఎండ నెత్తిన పొయ్యి పెట్టినట్టుండే చోట, ప్లాస్టిక్ పందిరి కింద పొద్దంతా నీళ్లు కట్టేటోడు. శుక్రవారం సెలవొస్తే సాల్మియాలో నా రూముకు వచ్చేటోడు, చేతిలో ఒక సంచి కీరకాయలతో.

వస్తానే చొక్కా ఇప్పి కొక్కేనికి తగిలించి వంటింట్లో దూరేటోడు. ఊర్నుంచి చిన్న రోలు ఒకటి మోసుకొచ్చినాడు, విమానంలో! "ఎవడన్నా రాయి తెచ్చుకుంటాడా రా" అని నవ్వితే, "మిక్సీలో నూరితే అది ఊరిమిండి గాదన్నా, మందు" అనేటోడు. ఆ రోటి పచ్చడికి ఎండు మిరపకాయలు, చింతపండు, చెనిగ్గింజలు, చివర్న ఆ కీరకాయ ముక్కలు దంచి వేసేటోడు. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి నా ముందర పెట్టి, నేను తినేదాకా తాను ముట్టేటోడు కాదు. ఆ తర్వాత ఎన్ని హోటళ్లలో తిన్నానో. ఆ ముద్ద రాలేదు, ఇంక రాదు.

వానికి ఒక కూతురు. వాడు కువైటుకు వచ్చినాక పుట్టింది. వాని భార్య లచ్చుమ్మ ఫోటో తీయించి పంపింది గానీ, తీసేటప్పుడు పాప కదిలింది. మొగం చెరిగిపోయి పడింది. జుట్టు, గౌను, చేతిలో గిలక్కాయ అన్నీ బాగున్నాయి, మొగం మాత్రం లేదు. ఆ ఫోటో పర్సులో పెట్టుకోని ఐదేండ్లు తిరిగినాడు. "నా పోలికలొచ్చినాయో, వాళ్లమ్మ పోలికలో, ఒకసారి చూస్తే చాలన్నా" అనేటోడు.

చూసే దారి లేదు. వాని పాస్‌పోర్టు కఫీల్ ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంది. కఫీల్ అంటే వాణ్ణి తెప్పించుకున్న యజమాని. ఆ సంతకం లేకుండా దేశం దాటలేడు. అడిగితే "బుక్రా" అంటాడు. రేపు. ఐదేండ్ల రేపు! ఆ కఫీల్ దివానియాకు, అంటే వచ్చినోళ్లను కూర్చోబెట్టే చావడికి, నేనూ రెండుసార్లు పోయినా. కుర్చీ వేసినాడు, ఖర్జూరాలు పెట్టినాడు, "ఇన్షా అల్లా" అన్నాడు. గట్టిగా అడిగుండొచ్చు. వేరే కంపెనీ మందూబును, నాకెందుకులే గొడవ అని లేచి వచ్చినా. చిన్నోళ్లు వినండి, మర్యాదకని నోరు మూసుకున్న ప్రతిసారీ ఎవడో ఒకడు ఎండలో ఇంకో ఏడాది ఉండిపోతాడు.

వకీలు చెప్పిన చట్టం

మా బిల్డింగులోనే పై అంతస్తులో సుందరం అని ఒకాయన ఉండేటోడు. నెల్లూరు దిక్కు మనిషి. బట్టల దుకాణంలో కొలతలు తీసే పని. ఊర్లో ఏడాదో ఏడాదిన్నరో లా చదివి మానుకున్నాడంట, అందుకే అందరూ "వకీలు" అంటారు. శుక్రవారం వాని రూములో పదిమంది చేరేటోళ్లు. పెద్ద పెద్ద మాటలు చెప్పేటోడు.

ఏందయ్యా అంటే, మనిషి ఒకడు కాదంట, ఇద్దరంట. ఇఖామాలో, పాస్‌పోర్టులో ఉండేటోడు కాగితం మనిషి. వాడు గవర్నమెంటు సొత్తు, కఫీల్ సొత్తు. రక్తమాంసాలుండే మనిషి వేరే, వాడు ఎవని సొత్తూ కాదు. అధికారి వచ్చి పేరడిగినప్పుడు పేరు చెప్పినామంటే, "ఆ కాగితం మనిషిని నేనే" అని ఒప్పుకున్నట్టు. అందుకని పేరు చెప్పకూడదు. సంతకం పెట్టకూడదు. పెట్టాల్సొస్తే ఎర్ర ఇంకుతో వేలిముద్ర వేసి, "నా సమ్మతి లేకుండా" అని పక్కన రాయాల. అట్ల రాస్తే ఏ చట్టమూ ముట్టుకోలేదంట!

నేను నవ్వినా. కిటికీల ముందర నిలబడి అరిగిన కాళ్లు నావి. ఓబులేసు మాత్రం నవ్వలేదు. నోటుబుక్కులో రాసుకున్నాడు. ఐదేండ్లు "రేపు" అని విన్నోనికి, ఈ రోజే తలుపు తెరుచుకుంటుందని ఒకడు చెప్తే చెవులు నిక్కబొడుచుకోవా? వకీలు మాటల్లో చట్టం లేదు గానీ, ఓబులేసుకు జరిగిందాంట్లో న్యాయమూ లేదు. వాణ్ణి చూసి నవ్వేటప్పుడు ఈ రెండో ముక్క నాకు తట్టలేదు.

రాజ్యం పోయిన వారం

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. పొద్దున లేచేసరికి సముద్రం రోడ్డు మీద ట్యాంకులు. బ్యాంకులు మూత, ఫోన్లు మూత, బేకరీల ముందర బారులు. కువైటీలు చాలామంది సౌదీ దిక్కు కార్లలో ఎల్లిపోయినారు. ఓబులేసు కఫీల్ కూడా ఇంటికి తాళమేసి పోయినాడు. ఇనప్పెట్టె లోపలే ఉంది.

నాలుగో రోజో ఐదో రోజో ఓబులేసు సులైబియా నుంచి నడుచుకుంటూ వచ్చినాడు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నేను హడలిపోయి నీళ్లిస్తే, వాడు నవ్వుతాండాడు!

"అన్నా, ఇఖామా ఇచ్చిన రాజ్యమే లేదు. నా మీద సంతకం పెట్టినోడే పారిపోయినాడు. ఇంక నేను ఎవని మనిషిని చెప్పు?"

"నీ పెండ్లాం మనిషివి రా. ముందు నీళ్లు తాగు."

"ఎవురి మనిషినీ కాదన్నా. వకీలు చెప్పింది ఇదే. నాకొక కాగితం టైపు కొట్టియ్యి, అరబ్బీలో. దండం పెడతా."

మరుసటి రోజు నేను సబ్హాన్ ఆఫీసుకు పోవాల్సిన పని ఉంది. మా కంపెనీ పనోళ్ల పాస్‌పోర్టులన్నీ అక్కడ బీరువాలో ఉన్నాయి. ముదీరు లేడు, అబూ నాదిర్ ఇంట్లోంచి బయటికి రావట్లేదు. ఆ పాస్‌పోర్టులు తెచ్చి వాళ్ల చేతుల్లో పెట్టకపోతే నేను మందూబునెట్లయితా? కంపెనీ పికప్ తీసినా. ఓబులేసు పక్కన ఎక్కి కూర్చున్నాడు.

ఆఫీసులో వాడు చెప్తాంటే నేను కొట్టినా. "ఈ కాగితం పట్టుకున్న మనిషి ఏ ప్రభుత్వానికీ, ఏ కఫీల్‌కూ చెందినవాడు కాదు. ఈతన్ని ఆపే హక్కు ఎవరికీ లేదు." పేరెయ్యమంటావా అంటే, "వద్దన్నా, పేరేస్తే మళ్లా కాగితం మనిషినే అయిపోతా" అన్నాడు. ఎర్ర ఇంకులో బొటనవేలు ముంచి అద్దినాడు. నాకేమో సీలు లేని కాగితం చూస్తే చెయ్యి ఆగదు. బల్ల మీద కంపెనీ గుండ్రం సీలు ఉండె. టప్‌మని కొట్టినా. తమాషాకే కొట్టినా, ఒట్టు. వాడు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని కండ్లకద్దుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డుకు అడ్డంగా పీపాలు పెట్టి సైనికులు ఆపినారు. ఒకడు ఓబులేసు దిక్కొచ్చి "హవియ్యా" అన్నాడు, గుర్తింపు కార్డు. వీడు తలెత్తి ఆ కాగితం చూపించినాడు. ఇంకో సైనికుడు నా దిక్కున్నాడు. నేను కిటికీలోంచి ఒక బిస్కెట్ పొట్లం చాపినా, దాని కింద రెండు సిగరెట్ పెట్టెలు. వాడు తీసుకోని అవతలోనికి కన్నుగీటినాడు. అవతలోడు కాగితాన్ని తలకిందులుగా పట్టుకోని ఒకసారి చూసి, సీలు మీద వేలుపెట్టి, "యల్లా" అన్నాడు, పొండి అని.

ఓబులేసు నా దిక్కు జరిగింది చూడలేదు.

"చూసినావా అన్నా! చూసినావా! చదివినాడు, వదిలేసినాడు!"

ఐదేండ్లలో వాడు అట్ల నవ్వడం నేను చూడలేదు. తొడలు చరుచుకుంటూ, కండ్లలో నీళ్లు తెచ్చుకుంటూ నవ్వినాడు. చెప్పాల్సింది. "ఒరే, నిన్ను వదిలింది కాగితం కాదు, సిగరెట్లు" అని ఆ పికప్‌లోనే చెప్పేసుండాల. పని ఎట్లయిందో పార్టీకి చెప్పొద్దు. నేర్చుకున్న పాఠం నోరు మూయించింది. అంతకంటే, ఆ నవ్వు చెడగొట్టబుద్ధి కాలేదు. "అవును రా, వదిలేసినాడు" అని నేనూ నవ్వినా.

స్కూల్లో ఫారాలు

తర్వాత కొన్నాళ్లకు, అందర్నీ ఇంటికి పంపేదానికని, మనోళ్లు కొంతమంది సాల్మియాలో ఒక స్కూల్లో బల్లలు వేసుకోని కూర్చున్నారు. బస్సులు బస్రా మీదుగా బాగ్దాద్, అక్కణ్ణుంచి అమ్మాన్, అమ్మాన్ నుంచి విమానంలో ఇండియా. పాస్‌పోర్టు లేనోళ్లకు ఒక ఫారం. దాని మీద ఫోటో అతికించి, వివరాలు నింపి, సంతకం పెడితే సీలేసి ఇస్తారు. అది పట్టుకోని ఇంటికి పోవచ్చు.

ఓబులేసును చెవిపట్టుకోని తీసకపోయినా. ఫోటో అతికించినా. పేరు, తండ్రి పేరు, ఊరు నేనే రాసినా. వాడు నా చేతి దిక్కే చూస్తాండాడు. ఇంకో గడి వచ్చింది. కఫీల్ పేరు.

"రాయద్దన్నా."

"ఎందుకు రా?"

"రాజ్యం లేదు, కఫీల్ లేడు. వాని పేరు నా పేరు కింద మళ్లా ఎందుకు? ఐదేండ్లు వాని కింద ఉండింది చాల్లేదా? నేను వానోణ్ణని సంతకం పెట్టి ఇంటికి పోవాల్నా?"

"గడి నింపకుంటే ఫారం చెల్లదు రా, గాడిద! నాకు తెలీదా? నా బతుకంతా ఇదే పని!"

"నువ్వు కండ్లారా చూసినావు గదా, నా కాగితం పనిచేసింది. దాంతోనే పోతా."

అప్పుడు చెప్పినా. అందరి ముందర చెప్పినా. బిస్కెట్ పొట్లం, దాని కింద సిగరెట్లు, కన్నుగీటిన సైనికుడు, అన్నీ. ఓబులేసు నన్ను జాలిగా చూసినాడు.

"నన్ను బస్సెక్కించేదానికి అబద్ధం చెప్తాండావు. నిజమైతే ఆ రోజే చెప్పుంటావు. నాతో కలిసి నవ్వినావు గదన్నా."

ఆఖరికి వకీలు సంగతి చెప్పినా. సుందరం మొదటి బస్సులోనే ఎల్లిపోయినాడు. వాని ఫారం నా కండ్లతో చూసినా. నల్ల ఇంకు, అన్ని గడులూ నింపి, కింద మెలికలు తిరిగిన సంతకం. "చూడు నీ గురువు" అంటే, "ఆయన పిరికోడన్నా. మనిషి మంచోడు గాకుంటే మాట చెడ్డదైపోతాదా?" అన్నాడు.

మరుసటి పొద్దున బస్రాకు పోయే లారీ ఒకటి దొరికిందంట, ఎక్కినాడు. నేను పోయేసరికి లారీ కదులుతాంది. సంచిలో రోలు పెట్టుకున్నాడు, ఆ బరువు ఎందుకు రా అంటే వినలేదు. "బస్రాలో కలుస్తా అన్నా, సంగటి పెడతా" అని అరిచినాడు. సగం నింపిన ఫారం నా జేబులోనే ఉండిపోయింది.

బస్సు

రెండు రోజులకు మా బస్సు. మా కంపెనీ పనోళ్లంతా అందులోనే, వాళ్ల పాస్‌పోర్టుల సంచి నా ఒళ్లో. నా పక్కన మరియమ్మ అని ఒకామె కూర్చుంది. గోదావరి దిక్కు మనిషి, ఇంటి పని చేసేది. ఆమెకూ పాస్‌పోర్టు లేదు, ఫారమే. పైట కొంగులో భద్రంగా చుట్టుకుంది. ఎవరి కాగితం చూసినా సరిగ్గా ఉందా లేదా చూడకుండా ఉండలేను, రోగం లాంటిది. "ఒకసారి ఇయ్యమ్మా" అని తీసుకున్నా.

కఫీల్ పేరు గడి ఖాళీగా ఉంది. కింద సీలు పడి ఉంది, నిక్షేపంగా.

"ఇదేందమ్మా, ఈ గడి నింపలేదే?"

"ఆవిడ పేరు నాకు తెలీదండి," అంది. "నాలుగేళ్లూ మామా అనే పిలిచానండి, అంటే అక్కడ అమ్మగారు అనండి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లం అందరం అలాగే అంటామండి. ఆ గడి ఒగ్గేసి ఇచ్చేశాను. ఆ బాబు ఏమీ అనలేదండి, సీలేసి ఇచ్చేశాడు."

కాగితంలో రాసింది ఎవరూ చదవరు. అది నాకు తెలుసు! ఇరవై మంది కొత్త మందూబులకు నేనే చెప్పినా ఆ మాట. తెలిసి తెలిసి, గడి ఖాళీగా కనిపిస్తే సహించలేని బుద్ధి నాది. వాడు అడిగింది ఒక్క గడి వదిలెయ్యమనే. వదిలేసుంటే సంతకం పెట్టేటోడు. ఈ బస్సులో నా పక్కన కూర్చోని కీరకాయ కోసేటోడు.

జేబులో ఫారం తీసి చూసుకున్నా. కఫీల్ పేరు సగం రాసి ఆపినా ఆ రోజు. దాని మీద అడ్డంగా గీత కొట్టినా, కనపడకుండా కొట్టినా. బస్రాలో దొరుకుతాడు. కాళ్లు పట్టుకోనైనా సంతకం పెట్టిస్తా. కఫీల్ పేరు రాయను, నీ ఇష్టం రా నాయనా అంటా. మనసు కొంచెం తేలికైంది. మరియమ్మ నా మొగం చూసి "దేవుడున్నాడండి" అంది.

ఊరు దాటినాక బస్రా రోడ్డు మీద బస్సు ఆపినారు. అందరి తరఫున నేనే దిగాల, అదే నా పని. రేకుల షెడ్డులో బల్ల ముందర ఒక సార్జెంటు కూర్చోని ఉన్నాడు. మా కంపెనీ లిస్టు ఇచ్చినా, కింద గుండ్రం సీలుతో. ఆయన సీలు చూసినాడు, నా మొగం చూసినాడు. చాయ్ గ్లాసు పక్కకు జరిపినాడు. గ్లాసు కింద ఓబులేసు కాగితం. ఎర్ర వేలిముద్ర మీద చాయ్ మరక.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టినాడు. రెండింటి మీదా ఒకటే సీలు.

"ఇది మీ కంపెనీ సీలే కదా. వీడెవడు?"

"ఎక్కడున్నాడు సార్?" అన్నా.

"పేరు అడిగితే నాకు పేరు లేదంటాడు. ఏ దేశమంటే ఏ దేశమూ కాదంటాడు. గూఢచారో, పిచ్చి మజ్నూనో. బస్రాకు పంపినాం, ఆడ చూసుకుంటారు. నీకు తెలుసా? వీని పేరేంది?"

బల్ల మీద రాసుకునే పుస్తకం తెరిచి ఉంది. పెన్ను చేతిలో ఉంది. నేను చెప్తే రాసుకుంటాడు. వెనక బస్సులో ఇంతమంది, నా భుజానున్న సంచిలో వాళ్ల పాస్‌పోర్టులు. దొంగ కాగితానికి సీలు కొట్టింది నేను. అవునంటే బస్సు ఆగుతుంది, నేను ఆగుతా. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకునే సాకులు. అప్పుడు నాకు భయమేసింది, అంతే.

"తెలీదు సార్," అన్నా. "సీలు ఆఫీసులో బయటే పడుంటుంది. ఎవడో కొట్టుకోని ఉంటాడు."

సార్జెంటు ఆ పుస్తకంలో ఏమీ రాయలేదు. "ఖలాస్, పో" అన్నాడు. బస్సు కదిలింది. వాడు తన పేరు తానే వద్దనుకున్నాడు, సరే. పేరు తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే ఉన్నా అక్కడ. నేను కూడా చెప్పలేదు.

వెతుకులాట

బస్రాలో వాడు దొరకలేదు. అమ్మాన్‌లో దొరకలేదు. యుద్ధం అయిపోయినాక నేను మళ్లా కువైటుకు పోయినా, మళ్లా మందూబునే. పాలస్తీనోళ్లను అక్కడ ఉండనియ్యలేదు, అబూ నాదిర్ తిరిగి రాలేదు, ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టినారు. ఆ కుర్చీలో కూర్చోని నేను మొదట చేసిన పని ఓబులేసును వెతకడం. తప్పిపోయినోళ్ల లిస్టులు, ఖైదీల లిస్టులు, ఆస్పత్రుల లిస్టులు. ఎవరెవరి కాళ్లో పట్టుకోని చూసినా. కాగితాల్లో మనిషిని వెతకడంలో నా అంతటోడు లేడని పేరు నాకు. పేరే రాయని మనిషిని యాడని వెతకాల? "పేరు లేదు, భారతీయుడు" అని ఎక్కడైనా కనిపిస్తే గుండె దడదడలాడేది. అది వాడో కాదో తేల్చేదానికి దారి లేదు.

ఇప్పటికీ శుక్రవారం వస్తే మెట్ల దిక్కు చూస్తా. ఏ శుక్రవారమూ వాడు ముందు తలుపు కొట్టినోడు కాదు, నేరుగా వంటింటికే పోయేటోడు. మా ఇంటామె అడగదు, సంగటి రెండు ముద్దలు ఎక్కువే తిప్పుతుంది. వాడు లేడని నాకెవరూ కాగితం ఇయ్యలేదు గదా. ముసలోని ఆశ. వాడు రావాల, రోలు తేవాల, నన్ను నాలుగు బూతులు తిట్టాల. అంతే కావాల నాకు.

కొత్తగా పోయేటోళ్లకు చెప్పేది ఒకటే. పని అయినాక, ఎట్లయిందో ఆ మనిషికి చెప్పండి. విలువ పోతే పోనీ. ఎవడన్నా పిచ్చి చట్టం పట్టుకోని వస్తే నవ్వొద్దు, వాణ్ణి ఆ చట్టం దాకా తోసింది ఏందో ముందు అడగండి. ఏదన్నా గడి దగ్గర మనిషి ఆగిపోతే, గడిని వదిలెయ్యండి, మనిషిని కాదు.

పోయిన నెల వాని కూతురు సుజాత వచ్చింది. ఇప్పుడు ఆమెకే ఇద్దరు పిల్లోళ్లు. లచ్చుమ్మ పోయి ఏడాదైంది. "పెదనాయనా, మా నాయన ఫోటో నీ దగ్గరేమన్నా ఉందా? నాకు మొగం తెలీదు" అంది. వాడూ ఈ పిల్ల మొగం తెలీకుండానే తిరిగినాడు.

ట్రంకు పెట్టె తెరిచి ఆ ఫారం తెచ్చి చేతిలో పెట్టినా. ఫోటో ఇంకా అంటుకోనే ఉంది. ఆ పిల్ల చాలాసేపు చూసింది. కొట్టేసిన గడి చూసింది, ఖాళీగా ఉన్న సంతకం చోటు చూసింది. ఇన్నేండ్లు ఆ ఇంట్లో చెప్పనిదంతా అప్పుడు చెప్పినా. సిగరెట్లు, గడి, షెడ్డులో సార్జెంటు, తెరిచి ఉన్న పుస్తకం. ఏదీ మిగల్చలేదు. తిడుతుందనుకున్నా. తిట్టినా పడతా అనుకున్నా.

ఆ పిల్ల కండ్లు తుడుచుకుంది.

"షెడ్డులో ఆయప్ప అడిగినాడు గదా పెదనాయనా, మా నాయన పేరేందని. ఇప్పుడు చెప్పు."

నేను లేచి నిలబడినా. నిలబడే ఉద్యోగం నాది.

"ఓబులేసు," అన్నా. "తండ్రి పేరు నడిపి ఓబయ్య. భార్య లచ్చుమ్మ. కూతురు సుజాత. ఊరు చిట్వేలు దగ్గర నాగులగుంటపల్లె. మావాడే సార్. నాకు తెలుసు."